బయాస్ చిప్‌కు ముందే ఒక నకలు

కంప్యూటర్ పవర్ బటన్ నొక్కగానే మొదట పనిలోకి దిగేది విండోస్ కాదు, బయాస్ (యంత్ర భాగాలను సిద్ధం చేసి విండోస్‌కు దారి ఇచ్చే తొలి ప్రోగ్రాం). ఇది హార్డ్ డిస్కులో ఉండదు. మదర్‌బోర్డు మీద ఎనిమిది కాళ్ల చిన్న ఫ్లాష్ చిప్‌లో (కరెంటు పోయినా రాసింది చెరగని మెమరీ) ఉంటుంది. అందుకే అది చెడితే విండోస్ మళ్లీ వేసినా, డిస్కు మార్చినా ప్రయోజనం లేదు. ఫ్యాను తిరుగుతుంది, తెర మీద ఏమీ రాదు.

ఎక్కువగా చెడేది అప్‌డేట్ సమయంలో. కొత్తది రాస్తుండగా కరెంటు పోతే చిప్‌లో సగం పాతది, సగం కొత్తది మిగులుతుంది. ఇలాంటి అప్‌డేట్లు ఇప్పుడు చాలామందికి ఎదురవుతాయి. సెక్యూర్ బూట్ (నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌తోనే యంత్రాన్ని మొదలుకానిచ్చే ఏర్పాటు) వాడే 2011 నాటి సర్టిఫికెట్ల గడువు 2026 జూన్ నుంచి వరుసగా తీరుతుంది. వాటి కోసం కొన్ని యంత్రాల్లో బయాస్‌నూ మార్చాల్సి వస్తుంది.

అందుకే బయాస్‌కు ముందుగా ఒక నకలు తీసి ఉంచుకోవాలి. కంప్యూటర్ కంపెనీ ఇచ్చే బయాస్ ఫైలు ఉండగా మన నకలు ఎందుకు? చిప్‌లో ఉన్నదంతా ఆ ఫైలులో ఉండదు. యంత్రం సీరియల్ నంబరు, చాలా ల్యాప్‌టాప్‌లలో విండోస్ కీ, కొన్ని బోర్డుల్లో నెట్‌వర్క్ చిరునామా కూడా ఈ చిప్‌లోనే ఉంటాయి. అవి మీ బోర్డుకే ప్రత్యేకం. యంత్రం బాగున్నప్పుడు తీసిన నకలులో అవి చెక్కుచెదరకుండా దొరుకుతాయి.

నకలు తీయడానికి సీహెచ్‌341ఏ అనే చవకైన ప్రోగ్రామర్ (చిప్‌ను చదివి, రాసే పరికరం), చిప్ కాళ్లను పట్టే క్లిప్, ఫ్లాష్‌రోమ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, ఇంకో కంప్యూటర్ కావాలి. ముందు చార్జర్ తీసేయాలి. లోపలి బ్యాటరీ కనెక్టర్ కూడా ఊడదీయాలి.

తర్వాత చిప్ మీది అక్షరాలు చదవాలి. విన్‌బాండ్ 25క్యూ64ఎఫ్‌వీ 3.3 వోల్టులది. ఒక్క అక్షరం తేడా ఉన్న 25క్యూ64ఎఫ్‌డబ్ల్యూ 1.8 వోల్టులది. రెండోదానికి వోల్టేజీ తగ్గించే అడాప్టర్ లేకుండా ప్రోగ్రామర్ తగిలిస్తే చిప్ కాలిపోవచ్చు. చాలా నల్ల సీహెచ్‌341ఏ బోర్డులు డేటా తీగల మీద 5 వోల్టులు పంపుతాయి. వాటిని సరిచేయించాకే వాడాలి.

చిప్ మూల మీది చుక్క ఒకటో కాలికి గుర్తు. క్లిప్‌లోని ఎర్ర తీగ సాధారణంగా అటే రావాలి. చదివాక ఫైలు సైజు చూడాలి. చిప్ పేరులోని 64 అంటే 64 మెగాబిట్లు, అంటే 8 మెగాబైట్లు. ఫైలు సరిగ్గా 83,88,608 బైట్లు ఉండాలి. ఫైలంతా ఎఫ్‌ఎఫ్‌లు (అన్నీ 1లు) గానీ, సున్నాలు గానీ ఉంటే క్లిప్ సరిగా పట్టలేదన్నమాట. క్లిప్ నుంచి వెళ్లే కరెంటు బోర్డులోని ఇతర భాగాలకు పారినా చదవడం తప్పుతుంది. కాబట్టి క్లిప్ తీసి, మళ్లీ పెట్టి రెండోసారి చదవాలి. రెండు ఫైళ్ల హ్యాష్ (ఫైలులోని ప్రతి బైటునూ లెక్కించి తీసే గుర్తు సంఖ్య) ఒకటే అయితేనే నకలును నమ్మవచ్చు.

తిరిగి రాయాల్సి వస్తే, బోర్డులోనే రికవరీ సదుపాయం ఉందేమో ముందు చూడండి. లేకపోతే చెడిపోయిన చిప్‌ను కూడా ఒకసారి చదివి దాచండి, తర్వాత రాయండి. ఫ్లాష్ చిప్‌లో 1ని 0గా మార్చవచ్చు గానీ, 0ని తిరిగి 1 చేయాలంటే ఆ భాగమంతా చెరపాలి. అందుకే సాఫ్ట్‌వేర్ ముందు చెరిపి, తర్వాత రాసి, చివరికి చదివి సరిచూస్తుంది. చదవడం కన్నా రాయడానికి ఎక్కువ సేపు పట్టేది ఇందుకే. సరిచూడటం పూర్తయ్యేదాకా క్లిప్ కదపకూడదు.

బయాస్ మారితే బిట్‌లాకర్ (డిస్కుకు వేసే తాళం) రికవరీ కీ అడగవచ్చు. దాన్ని ముందే రాసిపెట్టుకోండి. నకలులో మీ యంత్రం గుర్తింపు ఉంటుంది గనుక ఎవరికీ ఇవ్వకండి, ఇతరుల నకలు మీ చిప్‌లో రాయకండి. ఫైలు పేరులో మోడల్, తేదీ చేర్చి పెన్‌డ్రైవ్‌లో దాచండి. అదే కంప్యూటర్‌లో ఉంచితే, అవసరం పడిన రోజున ఆ కంప్యూటరే తెరుచుకోదు.