ఆయిలు ఫిల్టరు ఏ కంపెనీది కొనవలెను?

దమ్ములు ప్రారంభమగుటకు ముందు ట్రాక్టరుకు ఆయిలు మార్పించుట రైతులకు అలవాటు. ఇంటిలో కారు ఉన్నవారు దానిని కూడ ఏడాదికొకసారి షెడ్డుకు తీసికొని పోవుదురు. అప్పుడు విడిభాగాల కొట్టులో ఒకే బండికి మూడు రకముల ఆయిలు ఫిల్టర్లు చూపుదురు. ఒకటి బండి కంపెనీ పెట్టెలో వచ్చునది. రెండవది పేరున్న ఫిల్టరు కంపెనీది. మూడవది ఎన్నడును వినని పేరుతో సగము ధరకు దొరకునది. వీనిలో దేనిని కొనవలెను? పేరును బట్టి ఇంజను ఆయువు మారునా? కొన్ని వందల రూపాయల వస్తువే అయినను, దాని వలన చెడునది వేల రూపాయల ఇంజను. పైగా పని ఒత్తిడిలో ట్రాక్టరు నిలిచిపోయినచో అదను తప్పును. కావున ఈ విషయమును కొంచెము వివరముగా తెలిసికొనుట మంచిది.

ఫిల్టరు చేయు పని

ఇంజను తిరుగునప్పుడు పంపు అడుగు తొట్టెలోని ఆయిలును లాగి, ఫిల్టరు గుండా పంపి, బేరింగులకు అందించును. ఆ ఆయిలులో మసి, అరిగిన లోహపు రజను, గాలితో లోనికి చేరిన దుమ్ము కలిసి ఉండును. దుమ్ములోని ఇసుక రేణువులు బేరింగు లోహము కంటె గట్టివి. మిల్లీమీటరులో వెయ్యవ వంతును మైక్రాను అందురు. తల వెంట్రుక మందము సుమారు 70 మైక్రాన్లు. బేరింగునకు, ఇరుసునకు నడుమ నిలుచు ఆయిలు పొర కొద్ది మైక్రాన్లు మాత్రమే. కనుక కంటికి కనిపించని రేణువే ఎక్కువ అపకారము చేయును.

తొలినాటి కార్లకు ఇట్టి ఫిల్టరే లేదు. ఆయిలును మాటిమాటికి మార్చుచుండిరి. 1920 తరువాతి సంవత్సరములలో అమెరికాలో ఎర్నెస్ట్ స్వీట్‌లండ్ రూపొందించిన 'ప్యూరోలేటర్' వంటి ఫిల్టర్లు వచ్చిన పిమ్మట ఆయిలు ఎక్కువ కాలము నిలుచుట సాధ్యమైనది.

డబ్బా లోపల ఏమున్నది?

పైకి అన్ని డబ్బాలు ఒకే తీరున కనిపించును. తేడా లోపల ఉండును. ముఖ్యముగా మూడు భాగములను గుర్తుంచుకొనవలెను.

మొదటిది మడతలు పెట్టిన వడపోత కాగితము. దీనికి జిగురు పట్టించి గట్టిపరతురు. ఖరీదైన వానిలో గాజునార వంటి కృత్రిమ నార వాడుదురు. కొట్టువారు "ఇది 20 మైక్రాన్ల ఫిల్టరు" అని చెప్పిన చాలదు. ఆ పరిమాణపు రేణువులలో నూటికి 50 పట్టునదియు, 99 పట్టునదియు ఆ మాటే చెప్పుకొనవచ్చును. ఈ తేడాను తేల్చుటకే ఐ.యస్.ఓ. 4548 అను అంతర్జాతీయ పరీక్షా విధానము ఏర్పడినది.

రెండవది పక్కదారి కవాటము. కాగితము మురికితో పూడుకొనినప్పుడు, లేక చలిలో ఆయిలు చిక్కబడినప్పుడు ఇది తెరచుకొని ఆయిలును వడపోయకనే పంపును. బేరింగులు ఎండిపోకుండ కాపాడుటకే ఈ ఏర్పాటు. కొన్ని ఇంజన్లలో ఇది ఫిల్టరులో కాక ఇంజనులోనే ఉండును. ఏ ఒత్తిడికి తెరచుకొనవలెనో ఇంజనును బట్టి నిర్ణయింతురు. కాబట్టి మర సరిపోయినంత మాత్రమున ఒక బండి ఫిల్టరు మరొక బండికి పనికివచ్చునని అనుకొనరాదు.

మూడవది వెనుకకు జారనీయని రబ్బరు కవాటము. ఇది లేకపోయినను, గట్టిపడి చెడినను, బండి ఆపినప్పుడు ఫిల్టరులోని ఆయిలు క్రిందికి దిగిపోవును. మరునాడు ఉదయము స్టార్టు చేయగనే కొన్ని క్షణములు ఇంజను పొడిగా తిరిగి టకటక శబ్దము చేయును.

పేరు ఎంతవరకు ముఖ్యము?

బండ్ల కంపెనీలు సాధారణముగా ఫిల్టర్లను తామే తయారుచేయవు. ఫిల్టరు కంపెనీల వద్ద చేయించి తమ పెట్టెలో అమ్మును. అందుచేత మీ బండికి తగిన నంబరు గలదై, పేరున్న ఏ కంపెనీ ఫిల్టరైనను, గడువు ప్రకారము మార్చుచున్నచో సాధారణ వాడకమునకు చాలును. రెట్టింపు ధర పెట్టి వేరొకటి కొన్నందువలన ఇంజను ఆయువు రెట్టింపు కాదు. అయితే ఎక్కువ గడువు గల ఆయిలు పోయించువారు, ఆ గడువుకు తగినదని తయారీదారు చెప్పిన ఫిల్టరునే వేయవలెను.

జాగ్రత్త పడవలసినది నకిలీ సరుకు విషయమున. పేరున్న కంపెనీ పెట్టెను అచ్చము పోలిన పెట్టెలో నాసిరకము డబ్బా రావచ్చును. అందులో కాగితము తక్కువగా ఉండవచ్చును, కవాటము సరిగా మూయకపోవచ్చును. కావున నమ్మకమైన కొట్టులో బిల్లు తీసికొని కొనవలెను. బండితో వచ్చిన పుస్తకములోని నంబరుతో పెట్టెపై నంబరును సరిచూడవలెను. అచ్చు అలుకుకొనిపోయినను, రబ్బరు రింగు సొట్టగా ఉన్నను, మర గరుకుగా ఉన్నను తీసికొనరాదు. వారంటీ ఉన్న బండికి ఆ షరతులు కూడ చూచుకొనవలెను.

పేరు కంటె గడువు ముఖ్యము

మంచి ఫిల్టరైనను పూడుకొనిన తరువాత పక్కదారి తెరచుకొని మురికి ఆయిలే బేరింగులకు పోవును. ఇంజను ఆగదు కనుక రైతుకు తెలియదు. మన దేశములో చాల కార్లకు 10,000 కిలోమీటర్లు లేక ఒక సంవత్సరము, ఏది ముందైన అది గడువు. ట్రాక్టరుకు గంటల మీటరును బట్టి లెక్క. చాల రకములకు 250 గంటలు, కొన్ని కొత్త రకములకు అంతకు మించి ఉండును. మీ పుస్తకములో ఉన్నదే ప్రమాణము. దుమ్ములోను, దమ్ములోను ఎడతెగక నడచు బండికి కొంచెము ముందుగా మార్చినను నష్టము లేదు.

గాలి ఫిల్టరు చెడినచో ఎంత మంచి ఆయిలు ఫిల్టరైనను దుమ్మును తట్టుకొనలేదు. ఆయిలులో కలిసిన నీటిని, డీజిలును ఇది తీయలేదు. కాగితపు ఫిల్టరును డీజిలుతో కడిగి తిరిగి వేయుట దండుగ.

బిగించు విధము

ఇంజను గోరువెచ్చగా ఉన్నప్పుడు ఆయిలు దింపవలెను. పాత ఫిల్టరు తీసిన వెంటనే దాని రబ్బరు రింగు ఇంజనుకు అంటుకొని ఉన్నదేమో చూడవలెను. దానిపై కొత్తది బిగించినచో ఆయిలంతయు కారిపోయి ఇంజను పట్టివేయును. కొత్త రింగుకు కొంచెము ఆయిలు రాసి చేతితో త్రిప్పవలెను. రింగు తగిలిన తరువాత ఎంత బిగించవలెనో డబ్బాపై ఉండును. సాధారణముగా ముప్పాతిక చుట్టు. పానాతో బలముగా బిగించరాదు. ఆయిలు పోసి, ఇంజను తిప్పి, ఆయిలు దీపము ఆరినదని, ఎక్కడను కారుట లేదని చూచుకొని, ఇంజను ఆపి పుల్లతో మట్టము సరిచూడవలెను. మార్చిన తేదీని, మీటరు అంకెను డబ్బాపైనే వ్రాసి ఉంచుట మంచి అలవాటు.

కాబట్టి కొట్టుకు పోవునప్పుడు "ఏ కంపెనీ గొప్పది?" అని అడుగుటకు ముందు, నంబరు సరియైనదా, సరుకు అసలైనదా, గడువు దాటినదా అని చూచుకొనవలెను. ఈ మూడును సరిగా ఉన్నచో పేరు గురించి అంత దిగులు అవసరము లేదు.