గాలిలో దాగిన నీరు

బియ్యం బస్తాపై 'సార్టెక్స్' అన్న మాట మీరు చూసే ఉంటారు. రంగు మారిన గింజలను యంత్రం ఏరివేసిన బియ్యమని దాని అర్థం. వరికి పేరుపొందిన ఛత్తీస్‌గఢ్‌లో, రాయ్‌పూర్ పరిసరాల మిల్లుల్లో ఇలాంటి యంత్రాలు ఉన్నాయి. జారిపడే గింజలను కెమెరా పరిశీలిస్తుంది. చెడ్డ గింజ కనబడగానే సన్నని రంధ్రం నుండి గాలి దూసుకువచ్చి దాన్ని పక్కకు నెట్టివేస్తుంది.

ఈ గాలిని కంప్రెసర్ అందిస్తుంది. అందులో నీరు, నూనె, దుమ్ము ఉంటే కవాటాలు మొరాయిస్తాయి. చెడ్డ గింజలు మంచివాటిలోనే మిగిలిపోతాయి. నూనె తుంపర మనం తినే బియ్యాన్ని తాకుతుంది.

ఇంతకీ నీరు ఎక్కడి నుండి వచ్చింది? వానాకాలంలో ఉష్ణోగ్రత 30 డిగ్రీల సెల్సియస్, సాపేక్ష ఆర్ద్రత 80 శాతం అనుకుందాం. ఒక ఘనపు మీటరు గాలిలో సుమారు 24 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. కంప్రెసర్ గేజి 7 బార్ చూపేసరికి 8 ఘనపు మీటర్ల గాలి ఒక ఘనపు మీటరులో ఇమిడిపోతుంది. అంటే ఆవిరి 190 గ్రాములకు పైనే! 40 డిగ్రీలకు చల్లారిన గాలి 51 గ్రాములే మోయగలదు. మిగిలినదంతా నీరవుతుంది.

ఈ గాలిని దశలవారీగా శుభ్రం చేస్తారు. మొదట కూలరు, తరువాత నిల్వ ట్యాంకు నీటిలో ఎక్కువ భాగాన్ని దింపేస్తాయి. ఆపై వడపోత దుమ్మును, తుంపరను పడుతుంది. డ్రైయరు గాలిని 3 డిగ్రీలకు చల్లబరుస్తుంది. అప్పుడు మిగిలే ఆవిరి 6 గ్రాములే. చివర సన్నని వడపోత నూనె బిందువులను, ఉత్తేజిత కర్బనం నూనె ఆవిరిని తొలగిస్తాయి.

మరి ఎంత పెద్ద డ్రైయరు కొనాలి? చిక్కంతా ఇక్కడే. యంత్రంపై రాసే సామర్థ్యాన్ని సాధారణంగా లోపలికి వచ్చే గాలి 35 డిగ్రీలు, పరిసరాలు 25 డిగ్రీలు అనుకుని లెక్కిస్తారు. రాయ్‌పూర్‌లో మే నెల ఎండ 42 డిగ్రీలు దాటుతుంది. కూలరు దాటిన గాలి 52 డిగ్రీల దాకా ఉండవచ్చు. 35 డిగ్రీల వద్ద ఘనపు మీటరుకు 40 గ్రాముల ఆవిరి పడితే, 52 వద్ద 91 గ్రాములు పడుతుంది. వేసవి గాలి పొడిదే కదా అంటారా? ఆర్ద్రత 25 శాతమే అయినా, 8 రెట్లు నొక్కితే ఆ 91 గ్రాములూ నిండిపోతాయి!

అందుకే అవసరమైన గాలిని తయారీదారు పట్టికలోని దిద్దుబాటు గుణకంతో భాగించాలి. నిమిషానికి 5 ఘనపు మీటర్లు కావాలి, గుణకం 0.5 అయితే 10 ఘనపు మీటర్ల డ్రైయరు ఎంచుకోవాలి.

అలాగని అతిగా శుద్ధి చేయడమూ నష్టమే. గాలిని మైనస్ 40 డిగ్రీల స్థాయికి ఆరబెట్టే, వేడి వాడని రకం డ్రైయరు తన గాలిలో సుమారు 15 శాతాన్ని తానే ఖర్చు చేస్తుంది. రాయ్‌పూర్ చలికాలంలో గొట్టాలు సాధారణంగా 3 డిగ్రీలకు దిగవు కనుక అంత అవసరం లేదు. ప్రతి వడపోతా కొంత పీడనాన్ని మింగుతుంది. ఒక బార్ అదనంగా నొక్కాలంటే విద్యుత్తు 7 శాతం వరకు పెరుగుతుంది.

ఈసారి టైర్లలో గాలి నింపే దుకాణానికి వెళ్ళినప్పుడు, ట్యాంకు అడుగున ఉన్న కుళాయి తిప్పి చూపమని అడగండి. గాలిలో దాగిన నీరు మీ కళ్ళముందే బయటకు వస్తుంది!