కోనసీమ నేలకు ఉప్పు ఎక్కడి నుంచి వస్తోంది?

ఉర్దూలో ఒక ప్రాంతపు వాతావరణాన్ని 'ఆబోహవా' అంటారు. ఆబ్ అంటే నీరు, హవా అంటే గాలి. ఫలానా చోటి ఆబోహవా సరిపడలేదంటే అక్కడి నీరూ గాలీ రెండూ ఒంటికి పడలేదని అర్థం. తెలుగులోనూ "ఆ ఊరి నీళ్లు పడలేదు" అంటాం. పెద్దలు నీటినీ గాలినీ ఒకే మాటలో ఎందుకు ముడివేశారో తెలియాలంటే రాజోలు ప్రాంతంలో మోడువారిన కొబ్బరి తోటల్ని చూడాలి. ఆ ముడిలో నేల, చెట్టు, పురుగు కూడా ఉన్నాయని అక్కడ తెలుస్తుంది.

2025 నవంబరులో ఈ తోటలు రాష్ట్రమంతటా వార్తల్లోకెక్కాయి. శంకరగుప్తం మేజర్ డ్రైను వెంబడి, కేశనపల్లి పరిసరాల్లో కొబ్బరి చెట్లు మొవ్వు ఎండి, మట్టలు రాలి, స్తంభాల్లా మిగిలాయి. ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ వచ్చి చూసి వెళ్లారు. పోటు వేళ సముద్రపు నీరు డ్రైనులోకి ఎదురెక్కి తోటల్లో నిలుస్తోందని రైతులు మొరపెట్టుకున్నారు. సముద్రం అక్కడికి కొత్తగా రాలేదు. రోజుకు రెండుసార్లు పోటు ఎప్పుడూ ఉన్నదే. మరి ఈ ఉప్పు ఇప్పుడెందుకు ఇంతగా ఎక్కుతోంది?

జవాబు కోసం ముందు నది దగ్గరికి వెళ్లాలి. నాసిక్ సమీపాన త్ర్యంబకంలో పుట్టిన గోదావరి 1,465 కిలోమీటర్లు నడిచి వస్తుంది. ధవళేశ్వరం వద్ద గౌతమి, వశిష్ఠలుగా చీలుతుంది. వశిష్ఠ నుంచి మళ్లీ వైనతేయ విడిపోతుంది. రెండు నదుల నడుమ నేలను ఉర్దూలో దోఆబ్ అంటారు. మన అమలాపురం, రాజోలు, కొత్తపేట అటువంటి నేలలే. అయితే ఇక్కడి నేలను నది చుట్టి రావడమే గాక స్వయంగా తయారు చేసింది కూడా. ఈనాడు అమలాపురం చేలో చేతికి అంటుకునే మట్టిలో కొంత, ఒకప్పుడు దక్కను పీఠభూమి మీది నల్లరాయి. వాన కరిగించింది, నది మోసుకొచ్చింది, సముద్రం ఎదురు తోసి ఇక్కడ నిలబెట్టింది.

ఒండ్రుమట్టికి ఒక స్వభావం ఉంది. అది తన బరువుకు తానే కొద్దికొద్దిగా కుంగుతుంది. ఏటా వరద కొత్త పొర వేస్తేనే ఆ లోటు తీరుతుంది. ఎగువన జాయక్‌వాడి, శ్రీరాంసాగర్ వంటి జలాశయాలు వచ్చాక నీటితో పాటు మట్టి కూడా అక్కడే ఆగిపోయింది. ఆంధ్రా విశ్వవిద్యాలయం భూగోళ శాస్త్రవేత్త కె.నాగేశ్వరరావు బృందం 2010లో ప్రచురించిన లెక్క చూడండి. 1970-79 మధ్య గోదావరి ఏటా సగటున 15 కోట్ల టన్నుల ఒండ్రు తెచ్చేది. 2000-2006 నాటికి అది 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. 1965 నుంచి 2008 వరకు కృష్ణా, గోదావరి డెల్టాల తీరం వెంట నికరంగా 76 చదరపు కిలోమీటర్ల నేల సముద్రంలో కలిసింది. 2009లో జేమ్స్ సివిట్‌స్కీ బృందం ప్రపంచంలోని 33 డెల్టాలను పరిశీలించినప్పుడు కుంగుతున్న వాటిలో మన రెండు డెల్టాల పేర్లూ ఉన్నాయి. ఎగువన ఒండ్రు ఆగడంతో పాటు, భూమి లోపలి నుంచి నీరు, చమురు, గ్యాసు తోడటం కూడా డెల్టాలు కుంగడానికి కారణమని ఆ అధ్యయనం చెప్పింది. 1995 జనవరిలో పాశర్లపూడి బావి పేలి 65 రోజులు మండటం చూసిన కోనసీమవాసులు గ్యాసు బావుల కేసి అనుమానంగా చూడటంలో వింత లేదు.

నేల ఒక అడుగు కుంగితే ఏమవుతుందిలే అనుకుంటాం. ఇక్కడే అసలు సంగతి ఉంది. ఉప్పునీటి కంటే మంచినీరు తేలిక. కనుక తీరప్రాంతపు ఇసుకలో వాన నీరు, కాలువ నీరు కిందనున్న ఉప్పునీటిపై తేలుతూ ఉంటాయి. మంచినీటి మట్టం సముద్రమట్టం కంటే ఒక అడుగు ఎత్తున ఉంటే, దాని కింద దాదాపు 40 అడుగుల లోతు వరకు ఉప్పును అది అణచి ఉంచుతుందని ఐరోపా ఇంజనీర్లు నూరేళ్ల క్రితమే లెక్కగట్టారు. పైన అడుగు తగ్గితే కింద 40 అడుగులు పోతుందన్నమాట. మోటారు వేసి మితిమీరి తోడే ప్రతి బోరూ ఈ అడుగును తగ్గించేదే. వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లో చేతిపంపు నీరు చప్పబడి, ఆ తర్వాత ఉప్పబడటానికి కారణం ఇదే.

కాలువల మేలును తక్కువ చేసి చెప్పడం నా ఉద్దేశం కాదు. 1832-33 నాటి నందన కరువు తర్వాత, 1852 నాటికి కాటన్ దొర ఆనకట్ట పూర్తి కాకుంటే ఈ సీమ ఇలా ఉండేది కాదు. గన్నవరం అక్విడెక్టు మీదుగా నదిపై నది పారడం చూసి ఈనాటికీ ఆశ్చర్యపోతాం. కానీ తెచ్చే కాలువకు ఇచ్చిన గౌరవం తీసుకుపోయే డ్రైనుకు మనం ఇవ్వలేదు. కాలువ గట్టున స్నానఘట్టం కడతాం, డ్రైనులో చెత్త పోస్తాం. కోనసీమ నేలకు వాలు బహు తక్కువ. పైగా మొగల దగ్గర ఇసుక మేటలు. నడుమ గుర్రపుడెక్క. దక్షిణ అమెరికా నుంచి అందం కోసం తెచ్చిన ఈ మొక్క డ్రైనును పరుపులా కప్పేస్తుంది. నీరు కదలదు. నిలిచిన నీటి కింద మట్టిలోని రంధ్రాల నుంచి గాలి వెళ్లిపోతుంది. వేరుకు కూడా ఊపిరి కావాలి. కొబ్బరి కొంత ఉప్పును ఓర్చుకుంటుంది కానీ, ఉప్పూ ఊపిరాడకపోవడమూ రెండూ కలిసి మీద పడితే ఓర్చలేదు. కేశనపల్లి చెట్లకు జరిగింది ఇటువంటిదే.

2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు ముంపు, డ్రైన్ల సమస్య కూడా వారి కారణాల్లో ఉంది. ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. వరి మునిగే చేను రొయ్యల చెరువైంది. ఆ రైతును తప్పుపట్టడం సులువు, అప్పు తీర్చుకునే వేరే దారి చూపడం కష్టం. కానీ చెరువులో నింపిన ఉప్పునీరు గట్టు దాటి పక్క చేనులోకి ఊరుతుంది, వదిలిన నీరు మళ్లీ అదే డ్రైనులోకి చేరుతుంది. సరిహద్దు రాయి మనిషికే గాని నీటికి లేదు.

గాలి కూడా తన వంతు తెస్తుంది. 1996 నవంబరు 6 తుపాను వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసి, లెక్కలేనన్ని కొబ్బరి చెట్లను పడగొట్టింది. 2016లో మన దేశంలో తొలిసారి కనిపించిన సర్పిలాకార తెల్లదోమ ఆ ఏడాది చివరికే కడియం దాకా వచ్చేసింది. ఆకు అడుగున చేరి రసం పీలుస్తుంది, దాని తీపి జిగురు మీద మసి పడుతుంది. పురుగుమందు కొడితే దోమను తినిపెరిగే ఎన్‌కార్సియా అనే చిన్న కందిరీగ ముందు చచ్చి దోమ మరింత పెరుగుతుంది. అందుకే అంబాజీపేట పరిశోధన స్థానం వారు మందు బదులు ఐసేరియా శిలీంధ్రాన్ని పిచికారీ చేయమంటారు.

ఇప్పుడు డ్రైను పూడిక తీయాలి, మొగ దగ్గర తలుపులు పెట్టాలి అంటున్నారు. రెండూ అవసరమే. పూడిక మాత్రమే తీసి వదిలితే లోతైన డ్రైను పోటును ఇంకా లోపలికి రానిస్తుంది. తలుపు పెట్టి మూసి ఉంచితే వాన నీరు బయటికి పోదు. పోటు వేళకు మూయాలి, నీరు తీసే వేళకు తెరవాలి. పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది కనుక ఆ వేళలు గడియారాన్ని బట్టి కాక చంద్రుణ్ణి బట్టి నడుస్తాయి. నెలవంకను లెక్కించే మన పాఠకులకు ఇది తెలియనిది కాదు. అమావాస్యకు, పున్నమికి, ఆ పై ఒకటి రెండు రోజులకు పోటు అన్నిటికన్నా ఎత్తుగా లేస్తుంది. ఆ రాత్రులు తలుపు దగ్గర మనిషి ఉండాలి.