పలకల సీమలో పని పోయినవారు

తెలుగునాట ఓనమాలు దిద్దినవారిలో ఎందరో, తమ తొలి పలక ఏ ఊరి రాయియో యెరుగకయే పెద్దవారైరి. ఆ రాయికి పేరుగన్నది మార్కాపురము. నల్లమలకు తూర్పున పరచుకొన్న ఈ శిలను భూగర్భశాస్త్రజ్ఞులు ఆ ప్రాంతపు ఊరైన కంభము పేరనే వ్యవహరింతురు. పూర్వపు బురద భూగర్భమందలి ఒత్తిడికి పొరలుపొరలుగా గట్టిపడి యేర్పడిన రాయి యగుటచే, ఉలి యానించి తట్టినంతనే పలుచని రేకులుగా విడివడును. ఆ రేకులను కొలతకు కోసి, నునుపు చేసి, చెక్కచట్రము బిగించు పని, 1970 వరకు కర్నూలు జిల్లాలో ఉండి పిదప ప్రకాశములో చేరిన ఈ కరవుసీమయందు, వానను నమ్ముకొన్న మెట్టపొలము తప్ప వేరాధారము లేని కుటుంబములకు కూలి నిచ్చెను.

ఆ పని యంతయు మేలైనదని చెప్పుట సత్యము కాదు. బడిలో పలక పట్టవలసిన బిడ్డలే పలకలు చేసిరి. 1988లో కేంద్రప్రభుత్వము బాలకార్మికులకై నెలకొల్పిన తొలి ప్రత్యేక పథకములలో మార్కాపురము పలకల పరిశ్రమ యొకటి. రాతిధూళి ఊపిరితిత్తులకు హాని చేయునన్నదియు నిజమే.

పిమ్మట నోటుపుస్తకము చౌకయై పసిపిల్లల చేతికి వచ్చెను. రేకు పలక, ప్లాస్టిక్ పలక రాతిపలకను వెనుకకు నెట్టెను. కర్మాగారములు ఒకటొకటిగా మూతపడెను. రంగుల పలకరాళ్లను నేలకు, గోడలకు పరచు పలకలుగా కోసి విదేశములకు పంపు వ్యాపారము కొంత నిలిచినను, దానికి చట్రముతో పనిలేదు. చట్రము బిగించిన చేతులకును పనిలేదు.

నగరమున పెద్ద ముద్రణాలయ మొకటి మూతపడినచో కార్మికసంఘము ప్రశ్నించును, పత్రికలు వ్రాయును. చిన్న చిన్న షెడ్లు మూతపడినపుడు ఆ అలజడి యుండదు. 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టము, మూతపడిన సంస్థయందలి కార్మికునకు ప్రతి సంవత్సరపు సేవకు పదునైదు దినముల సగటు వేతనము పరిహారముగా విధించినది గాని, లెక్కకు కూలి పుచ్చుకొని హాజరుపట్టీలో పేరైన లేనివారు ఆ సేవను ఏ కాగితముతో నిరూపింపగలరు? నా దృష్టిలో ఈ సీమకు జరిగిన పెద్ద అన్యాయ మిదియే.

ఆ రాతిధూళి వలన కలుగు సిలికోసిస్ వ్యాధి పని మానిన యేండ్లకును బయటపడును. 1948 నాటి కర్మాగారముల చట్టము దానిని అధికారులకు తప్పక తెలుపవలసిన వ్యాధులలో చేర్చినది. కావున ప్రభుత్వము మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతములలో పూర్వపు పలకల కార్మికుల పేర్లు ఊరూర నమోదుచేసి, వారి ఊపిరితిత్తులను ఉచితముగా పరీక్షింపించి, వ్యాధిగ్రస్తులకు పింఛను నీయవలెను.