వృద్ధాశ్రమములలో సంధి - ముందుజాగ్రత్తలు

నిన్నటి సాయంకాలము వరకు పత్రిక చదివి, పదిమందితో ముచ్చటలాడిన పెద్దమనిషి నేటి ఉదయము తానెక్కడ ఉన్నదియు ఎరుగడు. చూడవచ్చిన కన్నకూతురిని తన తల్లి యనుకొని మాటలాడును. గోడమీద లేని పురుగులను తోలుచుండును. ఆశ్రమమువారు "వయసు మీరినది, చాదస్తము" అని సరిపెట్టుకొందురు. అది చాదస్తము కాదు. మన పెద్దలు దానిని సంధి అనిరి; నేటి వైద్యులు డెలీరియం అనుచున్నారు. మతిమరపు వ్యాధి నెలలు, సంవత్సరములు పట్టి మెల్లగా ముదురును. సంధి గంటలలో, లేదా ఒకటి రెండు దినములలో వచ్చిపడును. పూటపూటకు హెచ్చి తగ్గుచుండును. దాని వెనుక సాధారణముగా శరీరములోని బాధ యేదో ఉండును.

కేకలు వేయించు సంధి అందరి కంట పడును. మరియొక రకము కలదు. మనిషి అన్నము ముందు కూర్చుండియే జోగును. పిలిచిన ఎంతో సేపటికి గాని పలుకడు. "ఈ రోజు తాతగారు నెమ్మదిగా ఉన్నారు" అని పరిచారకులు సంతోషింతురు. మా అభిప్రాయమున ఎక్కువగా భయపడవలసినది ఈ నెమ్మదికే.

అమెరికాలో న్యూహేవెన్ నగరమందలి ఆసుపత్రిలో డాక్టరు షారన్ ఇనౌయే బృందము 70 ఏండ్లు దాటిన 852 మంది రోగులను పరిశీలించి, 1999లో ఫలితములు ప్రకటించినది. మామూలు చికిత్స పొందినవారిలో నూటికి 15 మందికి సంధి కలుగగా, ప్రత్యేక శ్రద్ధ పొందినవారిలో నూటికి 10 మందికి లోపుగనే కలిగినది. ఆ శ్రద్ధ యేమి? కండ్లజోడు, వినికిడి యంత్రము అందించుట, నీరు త్రాగించుట, లేపి నడిపించుట, తేదీయు స్థలమును గుర్తుచేయుచు పలుకరించుట, రాత్రి నిద్రమాత్రకు బదులు వెచ్చని పానీయము, వీపు మర్దన, మెల్లని సంగీతము. అయితే ఒకసారి సంధి వచ్చిన పిమ్మట దాని తీవ్రతను ఈ శ్రద్ధ చెప్పుకోదగినంతగా తగ్గింపలేదు. కావున చేయవలసినదంతయు ముందే చేయవలెను.

అది ఆసుపత్రి మాట. ఆశ్రమములను గూర్చిన పరిశోధనలు స్వల్పము. కాక్రేన్ సంస్థ 2019లో సమీక్షించినప్పుడు దొరికినవి మూడే. వానిలో ఆశాజనకమైనది, ఒక్కొక్కరు వాడు మందులన్నిటిని కంప్యూటరు సాయమున ఔషధనిపుణులు పరీక్షించిన పద్ధతి. ఇది సహజమే. నిద్రమాత్రలు, జలుబునకు, దురదకు వాడు పాతరకపు మందులు ముదిమిలో బుద్ధిని కలతపెట్టగలవు. నలుగురు వైద్యులు నాలుగు కాలములందు వ్రాసిన చీటీలన్నియు ఒకే డబ్బాలో చేరుట మన యిండ్లలోను ఉన్నదే కదా!

నీటి సంగతి మరింత చెప్పవలసి యున్నది. ముసలితనమున దాహము తెలియదు. పైగా రాత్రి దొడ్డికి లేవవలసి వచ్చునని, ఎవరినో పిలువవలెనని సంకోచించి, సాయంకాలము నుండియే నీరు మానివేయువారు పెక్కురు. మన వేసవిలో ఇది ప్రమాదకరము. కూజా బల్లమీద ఉండిన చాలదు. చేతికి గ్లాసు అందించి, త్రాగువరకు నిలువవలెను. పలుచని మజ్జిగయు మంచిదే. గుండె, మూత్రపిండముల వ్యాధి కలవారికి మాత్రము వైద్యుడు చెప్పిన మేరకే. మలబద్ధకము, మూత్రము బిగియుట, చెప్పుకొనలేని నొప్పి కూడ సంధికి దారి తీయును. ప్రతి దినము అడిగి తెలిసికొనవలెను.

రేడియోవారమైన మేము ఒక మాట చెప్పకతప్పదు. వేళకు వినిన వార్తలు పొద్దు తెలుపును; హాలులో రేయింబవళ్లు మ్రోగు పెట్టె నిద్రను చెరచును. రాత్రి దానిని కట్టివేయుడు.

పెద్దలను ఆశ్రమమున చేర్చునప్పుడు, వారిని ఏమని పిలిచిన పలుకుదురో, ఏ చెవి వినబడునో, ఏ వేళ నిద్రింతురో, ఏ మందులు వాడుదురో కాగితముపై వ్రాసి యిండు. మాటలో, చూపులో హఠాత్తుగా మార్పు కనబడినచో మంచమునకు కట్టవలదు, మత్తుమందు అడుగవలదు. జ్వరము, విరేచనము, మూత్రము, క్రొత్త మందులు, ఇటీవలి పడిపోవుట - ఈ వివరములతో ఆ దినముననే వైద్యుని పిలిపింపుడు.