పాలీహౌస్ పైకప్పుగా ఈటీఎఫ్‌ఈ పొర: గుణాలు, పరిమితులు

పాలీహౌస్‌ల పైకప్పుకు మన రైతులు సాధారణంగా 200 మైక్రాన్ల పాలిథిన్ షీటు వాడుతున్నారు. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు పాలిథిన్ అణుశృంఖలాలను తెంచడం వలన మూడు, నాలుగేళ్ళలో అది పెళుసుబారి చిరుగుతుంది. దీనిని నివారించడానికి షీటు తయారీలో కలిపే స్థిరీకరణ ద్రవ్యాలను, బూడిద తెగులుకు వాడే గంధకం నిర్వీర్యం చేస్తుంది. కాబట్టి షీటు నాసిరకమని నిర్ధారించే ముందు పిచికారీ వివరాలు అడిగి తెలుసుకోవాలి.

ఇథిలీన్, టెట్రాఫ్లోరోఇథిలీన్‌ల కలయికతో ఏర్పడే ఈటీఎఫ్‌ఈ అనే ప్లాస్టిక్‌కు ఈ ఇబ్బంది లేదు. ఇందులోని కార్బన్-ఫ్లోరిన్ బంధం మిక్కిలి దృఢమైనది. పైగా ఇది అతినీలలోహిత కాంతిని దాదాపు శోషించుకోదు, తన గుండా పోనిస్తుంది. అందువలన స్థిరీకరణ ద్రవ్యాల అవసరమే ఉండదు. టెఫ్లాన్‌గా ప్రసిద్ధమైన పీటీఎఫ్‌ఈని మామూలు ప్లాస్టిక్‌లవలె కరిగించి మలచలేము. ఈటీఎఫ్‌ఈ మాత్రం సుమారు 265 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగి, పారదర్శకమైన పలుచని పొరగా సాగుతుంది. 100 మైక్రాన్ల పొర బరువు చదరపు మీటరుకు 175 గ్రాములు మాత్రమే; అదే 4 మి.మీ. మందం గల గాజు 10 కిలోలు తూగుతుంది. ఇంగ్లండులోని కార్న్‌వాల్‌లో 2001లో ప్రారంభమైన ఈడెన్ ప్రాజెక్టు గోపురాలకు ఈ పొరలతో చేసిన గాలి దిళ్ళనే అమర్చారు. జపానులో గ్రీన్‌హౌస్ సాగుకూ వాడుతున్నారు. అక్కడ పదేళ్ళకు పైబడిన మన్నిక సాధారణం.

అయితే మన్నిక ఒక్కటే చూసి సిఫారసు చేయడం సరికాదు. అతినీలలోహిత కాంతి లోనికి వచ్చినందున వంకాయకు ఊదారంగు చక్కగా పడుతుంది. పరాగ సంపర్కానికి ఉంచిన తేనెటీగలు దారి తప్పవు. కాని తెల్లదోమ, తామర పురుగులు కూడా ఆ కాంతి ఆధారంగానే పైరును గుర్తిస్తాయి. ఆ కిరణాలను అడ్డుకునే పాలిథిన్ షీటు కింద వీటి ఉధృతి తగ్గుతుంది. ఈటీఎఫ్‌ఈ కింద ఆ రక్షణ ఉండదు గనుక కీటక నిరోధక వల తప్పనిసరి. ఎర్ర గులాబీ రేకుల అంచులు నల్లబడే సమస్య ఉన్నచోట దీనిని ఎంచుకోకపోవడమే మేలు. వేసవిలో మన మైదాన ప్రాంతాలలో కాంతికి కొరత లేదు. షేడ్‌నెట్ కప్పక తప్పని కాలంలో అధిక పారదర్శకత వలన ఒనగూడే లాభం స్వల్పమే.

ధర పాలిథిన్ కంటే అనేక రెట్లు ఎక్కువ. పొర మన్నినంత కాలం దానిని మోసే ఇనుప చట్రమూ మన్నాలి. పాత షీట్లను పొలం గట్టున కాల్చే అలవాటు ఇక్కడ ప్రాణాపాయం: ఈటీఎఫ్‌ఈ కాలినప్పుడు విషపూరితమైన హైడ్రోజన్ ఫ్లోరైడ్ వెలువడుతుంది. తొలగించిన పొరను చుట్టగా చుట్టి తయారీదారుకు తిరిగి అప్పగించే ఏర్పాటును కొనుగోలు సమయంలోనే రాతపూర్వకంగా చేసుకోవాలి.