గుర్రాన్ని కూల్చే పిడుదు జ్వరం

గుంటూరు, నరసరావుపేట, ఒంగోలు స్టేషన్లలో రైలు దిగిన మనిషిని ఒకప్పుడు ఇంటికి చేర్చింది జట్కా బండే. ఆటోలు వచ్చాక జట్కాలు కనుమరుగయ్యాయి. గుర్రాలు మాత్రం పూర్తిగా పోలేదు. పెళ్లి బరాత్‌లకు, ఊరేగింపులకు గుర్రాన్ని అద్దెకిచ్చి ఇల్లు నడుపుకునే కుటుంబాలు మన ప్రాంతంలో ఇంకా ఉన్నాయి. వారికి గుర్రమే పొలం, గుర్రమే దుకాణం.

అలాంటి ఒక కుటుంబ పెద్ద షాదీల సీజన్ ముందు మా దగ్గరకు వచ్చారు. ఆయన గుర్రం ఉన్నట్టుండి మేత మానేసింది. ఒళ్లు కాలిపోయింది, మూత్రం ఎర్రగా పోసింది, వారం తిరక్కుండానే చనిపోయింది. నజర్ తగిలిందని కొందరు, మందు కొట్టిన పత్తి చేను గట్టున గడ్డి తిన్నదని మరికొందరు అన్నారు. మేము దాతల సొమ్ములోంచి ఇంకో గుర్రానికి సాయం చేశాం. దాన్ని తెచ్చి అదే సావిట్లో కట్టారు. రెండు నెలలు గడిచేసరికి దానికీ అదే జ్వరం వచ్చింది. ఈసారి పశువైద్యుణ్ణి పిలిచి రక్తం పరీక్ష చేయించాక అసలు కారణం బయటపడింది. సమయానికి మందు అందడంతో గుర్రం బతికింది కానీ, ఆ సీజన్ సంపాదన పోయింది. మీ సొమ్ము ఖర్చు చేసే ముందు ఆ సంగతి తెలుసుకోవలసిన వాళ్లం మేమే. తెలుసుకున్నది మీతో పంచుకోవడానికే ఈ వ్యాసం.

ఈ జబ్బును వైద్యులు పైరోప్లాస్మోసిస్ అంటారు. దీనికి కారణం కంటికి కనిపించని రెండు పరాన్నజీవులు: థైలేరియా ఈక్వి, బెబీసియా కబల్లి. మలేరియా క్రిమిలాగే ఇవి కూడా ఎర్ర రక్తకణాల్లో దూరి, అక్కడే పెరిగి, కణాన్ని పగలగొట్టి బయటికొస్తాయి. కణాలు పగిలేకొద్దీ రక్తం పలచబడుతుంది. జ్వరం 104 డిగ్రీలు దాటవచ్చు. కనురెప్ప లోపలి భాగం మొదట పాలిపోయి, తర్వాత పసుపు రంగుకు తిరుగుతుంది. పగిలిన కణాల రంగు మూత్రంలోకి దిగడం వల్లే అది ఎర్రగానో, కాఫీ రంగులోనో కనిపిస్తుంది. గుర్రాలకే కాదు, ఇటుక బట్టీల్లో మోతకు వాడే గాడిదలకూ, కంచర గాడిదలకూ ఈ జబ్బు వస్తుంది.

దీన్ని మోసుకొచ్చేది పిడుదు. రక్తం తాగి ఆముదపు గింజలా ఉబ్బి, పశువు చెవుల్లో, తోక కింద, తొడల సందుల్లో వేలాడుతుండే పురుగును మనలో చూడనివారు ఉండరు. పురుగు కాటుతో జబ్బు వ్యాపిస్తుందని లోకానికి రుజువైంది కూడా దీని వల్లే. ఆవుల్లో వచ్చే ఇలాంటి జ్వరాన్ని పిడుదులే మోస్తున్నాయని అమెరికాలో స్మిత్, కిల్‌బోర్న్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1893లో నిరూపించారు. మన సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది ఆ తర్వాత నాలుగేళ్లకు, 1897లో.

జబ్బు ఒక గుర్రం నుంచి మరో గుర్రానికి వెళ్లే దారి ఇది. జబ్బు క్రిములున్న గుర్రం రక్తం తాగిన పిడుదులోకి ఆ క్రిములు చేరతాయి. మన దేశంలో విరివిగా కనిపించే హయలోమా జాతి పిడుదు ఒకే పశువును పట్టుకుని ఉండదు. కడుపు నిండాక రాలిపోయి, సావిడి గోడ పగుళ్లలో, నేల నెర్రెల్లో దాక్కుని, కుబుసం విడిచి, మళ్లీ ఆకలితో మరో పశువును ఎక్కుతుంది. పిడుదు ఆ తర్వాతి దశకు ఎదిగినా క్రిమి దానిలో అలాగే ఉంటుంది. బెబీసియా అయితే తల్లి పిడుదు నుంచి గుడ్లకూ పాకుతుంది. ఒక్క పిడుదు వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. చనిపోయిన గుర్రం పోయినా, దాని పిడుదులు సావిట్లోనే ఉండిపోవడానికి కారణం ఇదే. పక్కన ఆవునో గేదెనో కడితే పిడుదులకు తిండి ఇంకా సులువు.

పక్కపక్కన నిలబడినంత మాత్రాన, ఒకే తొట్టిలో నీళ్లు తాగినంత మాత్రాన ఇది అంటదు. కానీ పిడుదు లేకుండా కూడా అంటే దారులున్నాయి. ఒకే సూదితో రెండు గుర్రాలకు ఇంజెక్షన్ చేస్తే రక్తంతోపాటు క్రిమీ వెళుతుంది. థైలేరియా చూడి గుర్రం నుంచి కడుపులోని పిల్లకూ చేరుతుంది.

అసలు చిక్కు జబ్బు నయమయ్యాకే మొదలవుతుంది. థైలేరియా సోకిన గుర్రం కోలుకున్నా, క్రిమి దాని రక్తంలో సాధారణంగా జీవితాంతం ఉండిపోతుంది. పైకి నిగనిగలాడుతూ ఉంటుంది, లోపల ఇంకో గుర్రానికి అంటించే క్రిమి ఉంటుంది. సారంగ్‌ఖేడా, పుష్కర్ వంటి దూరపు సంతల్లో నడక చూసి, పళ్లు చూసి, సుడులు చూసి బేరం చేస్తారు. రక్తంలో ఉన్నది ఆ చూపుకు అందదు. పరీక్ష ఒక్కటే దారి. హర్యానాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఈ పరీక్ష చేస్తుంది. పశువైద్యుడి ద్వారా రక్త నమూనా పంపవచ్చు. ఆవులకు వచ్చే థైలేరియాకు హైదరాబాద్‌లో టీకా తయారవుతోంది. గుర్రాల థైలేరియాకు టీకా లేదు.

పత్తి, మిరప పండించే మన ప్రాంతంలో ఒక హెచ్చరిక తప్పనిసరి. ఇంట్లో పురుగుమందు డబ్బా ఉంది కదా అని దాన్నే నీళ్లలో కలిపి గుర్రానికి పూయకండి. చేను మందు పశువు ప్రాణానికే ముప్పు. గేదెల పిడుదులకు వాడే అమిట్రాజ్ కూడా గుర్రానికి పనికిరాదు, పేగుల కదలిక ఆగిపోయి తీవ్రమైన కడుపునొప్పి వస్తుంది. జబ్బుకు ఇచ్చే ఇమిడోకార్బ్ ఇంజెక్షన్‌ను గాడిదలు అంతగా తట్టుకోలేవు. కాబట్టి పిడుదుల మందైనా, ఇంజెక్షనైనా వైద్యుడు చెప్పిన మోతాదులోనే వాడాలి.

చేతిలో ఉన్న పనులు చిన్నవే. రోజూ మాలిష్ చేసేటప్పుడు చెవులు, తోక మొదలు, తొడల సందులు తడిమి పిడుదులను తీసి చంపాలి. కరచుకున్న మొదటి రోజుల్లోనే తీసేస్తే జబ్బు ఎక్కించే అవకాశం తగ్గుతుంది. సావిడి గోడల పగుళ్లు పూడ్చి సున్నం వేయాలి. ఒక్కో గుర్రానికి ఒక్కో కొత్త సూది వాడమని అడగాలి. మేత మానేసి ఒళ్లు కాలితే ఆ రోజే వైద్యుణ్ణి పిలవాలి.

మేము నేర్చుకున్నది ఒక్కటే. ఇకపై గుర్రానికి సాయం అడిగి ఎవరొచ్చినా మేము ముందు వారి సావిడి చూస్తాం. గోడలు బాగు చేయించాక, కొనబోయే గుర్రం రక్తం పరీక్ష చేయించాకే ధర చెల్లిస్తాం. ఇందుకయ్యే ఖర్చు గుర్రం ధరతో పోలిస్తే చాలా తక్కువ. మీ లెక్కల పట్టీలో "రక్త పరీక్ష, సున్నం, సూదులు" అన్న పద్దు కనిపిస్తే అది ఎందుకో ఇప్పుడు మీకు తెలుసు.